యువ కార్యకర్తలకు డిజిటల్ ప్రచారంలో శిక్షణ: రెండు రోజుల్లో ఏది ముందు, ఏది తరువాత?

ప్రశ్న: సమన్వయకర్త

అందరికీ నమస్కారం. ప్రజా రవాణాలో వికలాంగులకు తగిన సౌకర్యాలు కల్పించాలని కోరుతూ పనిచేస్తున్న ఒక చిన్న సంస్థలో స్వచ్ఛంద కార్యకర్తల వ్యవహారాలు నేను చూస్తున్నాను. 16 నుంచి 24 ఏళ్ల వయస్సున్న 22 మంది యువతీయువకులకు త్వరలో రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేయవలసి ఉంది. అడ్వకసీలో, అంటే నిర్ణయాధికారులను ఒప్పించి మార్పు తెచ్చే పనిలో, డిజిటల్ మాధ్యమాలను ఎలా ఉపయోగించుకోవాలన్నది శిక్షణాంశం. పోయిన ఏడాది ఇదే శిక్షణ ఇచ్చి దెబ్బతిన్నాను కనుక, ఈసారి అనుభవజ్ఞులను అడిగి మొదలుపెడదామని ఇక్కడికి వచ్చాను.

అప్పుడు మొదటి రోజంతా పోస్టర్ల తయారీ, చిన్న వీడియోల ఎడిటింగ్, ఏ వేళలో పోస్ట్ పెడితే ఎక్కువ మందికి చేరుతుంది, హ్యాష్‌ట్యాగ్ ఎలా ఎంచుకోవాలి అన్నవి నేర్పించాను. రెండవ రోజు పిల్లలందరూ ఎంతో ఉత్సాహంగా సొంత పోస్టులు తయారుచేశారు. తరువాతి మూడు నెలల్లో 300కు పైగా పోస్టులు వెళ్ళాయి, లైకులూ వచ్చాయి. తీరిగ్గా పరిశీలిస్తే వాటిలో అధిక భాగం మా స్నేహితులవీ, మా సంస్థలోని వారివీ. చివరకు వినతిపత్రం పట్టుకుని సంబంధిత అధికారి వద్దకు వెళ్ళినప్పుడు ఆయన ఎంతో మర్యాదగా, "ఈ విషయం మీరు ఎప్పటి నుంచి లేవనెత్తుతున్నారు?" అని అడిగారు. మూడు నెలల శ్రమ ఆయన చెవిన కూడా పడలేదన్నమాట. అంతకన్నా సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. మా వీడియోలలో ఒక్కదానికైనా క్యాప్షన్లు (మాటలను తెర మీద అక్షరాల్లో చూపించేవి) లేవని వినికిడి లోపమున్న ఒక సభ్యురాలు చెప్పేదాకా, వికలాంగుల హక్కుల గురించి మాట్లాడుతున్న మాలో ఒక్కరికీ ఆ ఆలోచన తట్టలేదు.

ఈసారి దేనితో మొదలుపెట్టాలి? మా బృందంలో ఆరుగురు 18 ఏళ్లు నిండనివారు. వారి విషయంలో ఏ జాగ్రత్తలు తప్పనిసరి? శిక్షణ ఫలించిందో లేదో, లైకులు కాకుండా మరి దేనితో కొలవాలి? ఫలానా యాప్ బాగుంటుందన్న సలహాలు నా దగ్గర చాలానే ఉన్నాయి, వాటిని మినహాయించి చెప్పగలరు.

జవాబు: కరపత్రాల కాలం నాటివాడు

సమన్వయకర్త గారూ, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. ఆ అధికారికి విషయం తెలియకపోవడానికి కారణం మీవాళ్ళ పోస్టులు బాగాలేకపోవడం కాదు, అవి ఆయనను ఉద్దేశించి రాసినవి కాకపోవడం. నేను కరపత్రాలు అచ్చు వేయించి పంచిన రోజుల్లోనూ ఇదే తప్పు చేసేవాళ్ళం. వెయ్యి కాగితాలు పంచి సమస్య జనంలోకి వెళ్ళిందని సంతోషించేవాళ్ళం, నిర్ణయం తీసుకోవలసిన మనిషి మాత్రం మేము పంచిన వీధివైపే వచ్చేవాడు కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం వరకు ఫోన్లు సంచుల్లో ఉండనివ్వండి. ఒక్కొక్కరి చేతికి తెల్లకాగితం ఇచ్చి ఒకే ఒక్క వాక్యం రాయమనండి: ఎవరు, ఏ తేదీలోగా, ఏ నిర్ణయం తీసుకోవాలని మనం కోరుతున్నాం? ఇది వినడానికి చిన్నపని. చేయించి చూడండి, ఇరవై మందిలో పదిహేను మంది "ప్రభుత్వం", "సమాజం", "అందరూ" అని రాస్తారు. ప్రభుత్వానికి ముఖం లేదు. ఆ ముఖాన్ని వెతికి పట్టుకోవడమే ఆ పూట పాఠం. ఆ మనిషి దొరికాక, ఆయన ఎవరి మాట వింటారు, ఎవరికి జవాబుదారీ, ఆయన మౌనంగా ఉంటే నష్టపోయేది ఎవరు అన్నది ఒక పెద్ద కాగితం మీద పటంలాగా గీయించండి. ఏ మాధ్యమం వాడాలన్న ప్రశ్న ఆ పటం చూశాక పుట్టాలి. కొన్నిసార్లు ఆ పటం చూపించే దారి ఇన్‌స్టాగ్రామ్ కాదు, ఒక దినపత్రిక స్థానిక విలేఖరికి పంపే నాలుగు వాక్యాల ఈమెయిల్ అయి ఉంటుంది.

సంఖ్య ఒక్కటే సరిపోదనడానికి అంతర్జాల సమానత్వం (వెబ్‌సైట్ల మధ్య, యాప్‌ల మధ్య టెలికాం సంస్థలు తేడా చూపకూడదన్న సూత్రం) మీద భారతదేశంలో 2015లో జరిగిన ప్రచారం చెప్పుకోదగ్గ ఉదాహరణ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 మార్చిలో ఒక సంప్రదింపు పత్రం విడుదల చేసింది. అది 118 పేజీల పత్రం, అందులో 20 ప్రశ్నలు. మామూలు మనిషి చదివే బాపతు కాదు. సేవ్ ది ఇంటర్నెట్ పేరుతో ప్రచారం నడిపినవారు ఆ ప్రశ్నలను తేలిక మాటల్లో వివరించి, వాటికి జవాబులు సిద్ధంచేసి, చదివినవారు తమ మాటలు చేర్చుకుని నేరుగా ట్రాయ్‌కి పంపే ఏర్పాటు చేశారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. అదే ఏడాది చివర వేర్వేరు ధరల అంశంపై మరో పత్రం వచ్చినప్పుడు ఫేస్‌బుక్, ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే తన ఫ్రీ బేసిక్స్ పథకానికి మద్దతుగా వినియోగదారులతో పెద్ద ఎత్తున సందేశాలు పంపించింది. అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబులు లేవని ట్రాయ్ తేల్చి చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధిస్తూ ఉత్తర్వులు వచ్చాయి. రెండు పక్షాలకూ జనసంఖ్య ఉంది. అధికారి బల్లమీద ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పినది ఒక పక్షమే. ఆ తేడాను మీ శిక్షణలో ఒక గంటసేపు విడమరచి చెప్పినా వృథా కాదు.

ఇంకొక సంగతి. ప్రతి పోస్టు చివర చూసినవారు చేయవలసిన పని ఒకటి ఉండాలి, అది రెండు నిమిషాల్లో అయిపోయేదిగా ఉండాలి. అమెరికాలో ఆన్‌లైన్ పైరసీని అడ్డుకోవడానికంటూ తెచ్చిన సోపా, పీపా బిల్లులకు నిరసనగా 2012 జనవరి 18న ఆంగ్ల వికీపీడియా 24 గంటలపాటు తెరను నల్లబరచింది. నల్లబరచి ఊరుకోలేదు. అమెరికన్ పాఠకులు తమ పోస్టల్ కోడ్ కొడితే తమ ప్రజాప్రతినిధి ఎవరో, ఆయనను ఎలా సంప్రదించాలో అక్కడే చూపించింది. 80 లక్షల సార్లకు పైగా జనం ఆ వివరాలు వెతికారు. రెండు రోజులు తిరగకుండానే బిల్లులు వాయిదాపడ్డాయి. మీకు అంత పెద్ద వేదిక లేదని నాకు తెలుసు. కోపాన్ని పనిలోకి మళ్ళించే ఆ మెలకువ మాత్రం ఇరవై మంది ఉన్న బృందానికీ అందుబాటులోనే ఉంటుంది.

జవాబు: వీడియో ఎడిటర్

పెద్దాయన చెప్పిన క్రమం సరైనదే. నేను రెండవ ప్రశ్న దగ్గర ఆగుతాను, ఎందుకంటే అక్కడ జరిగే పొరపాటుకు మూల్యం చెల్లించేది మనం కాదు, మన వీడియోలో కనిపించేవారు.

అనుమతి అంటే ఒక కాగితం మీద సంతకం అనుకునే అలవాటు స్వచ్ఛంద సంస్థల్లో బాగా పాతుకుపోయింది. సంతకం చేసేవారికి ఆ వీడియో ఎక్కడెక్కడికి వెళుతుందో తెలియనప్పుడు ఆ కాగితం మన రక్షణకే తప్ప వారి రక్షణకు కాదు. అందువల్ల నేను శిక్షణలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు మరొకరి జీవితంలోని ఒక ఇబ్బందిని మూడు నిమిషాలు చిత్రీకరించేలా చేస్తాను. ఆ తరువాత, "ఇది మీకు అస్సలు గిట్టనివారి చేతికి చిక్కితే? మీ బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వస్తే? పదేళ్ల తరువాత మీకు ఉద్యోగం ఇవ్వబోయేవారు చూస్తే?" అని అడుగుతాను. సగం మంది వెంటనే తుడిచివేయమంటారు. అనుమతి అంటే ఏమిటో వారికి అప్పుడు తెలిసినంతగా నేను గంటసేపు ఉపన్యసించినా తెలియదు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు వారికి ఉందనీ, అయితే ఒకసారి బయటకు వెళ్ళిన వీడియోను పూర్తిగా వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదనీ రెండూ చెప్పాలి. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకోవడం మోసం.

ఎవరి కథ చెబుతున్నామో వారికే ముందు చూపించాలన్న నియమం కూడా పెట్టుకోండి. యుగాండాకు చెందిన సాయుధ తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ కోనీని పట్టుకోవాలంటూ కోనీ 2012 పేరుతో వచ్చిన 30 నిమిషాల వీడియోను 2012 మార్చిలో వారం తిరగకముందే 10 కోట్ల సార్లు చూశారు. యుగాండాలో అతని దళమైన లార్డ్స్ రెసిస్టెన్స్ ఆర్మీ బాధితులు ఉన్న లిరా పట్టణంలో దానిని బహిరంగంగా ప్రదర్శించినప్పుడు మాత్రం ప్రేక్షకులు ఆగ్రహించి రాళ్ళు రువ్వారు. తమ బాధను తమకు తెలియని ఎవరో తమకు నచ్చినట్టు మలిచి చెప్పారని వారికి అనిపించింది. ఆ వీడియో ఇచ్చిన పిలుపు మేరకు ఏప్రిల్ 20 రాత్రి నగరాలన్నిటా పోస్టర్లు అంటించవలసి ఉండగా చాలాచోట్ల వచ్చినవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. కోట్లాది వీక్షణలు ఎంత తేలికైనవో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక సాంకేతిక జాగ్రత్తల సంగతి. ఫోన్‌తో తీసిన ఫోటోలో తేదీ, సమయం, ఫోన్ నమూనా, లొకేషన్ ఆన్‌లో ఉంటే స్థలం తాలూకు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. 2012 డిసెంబరులో అజ్ఞాతంలో ఉన్న యాంటీవైరస్ సంస్థ వ్యవస్థాపకుడు జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నట్టు ఒక పత్రిక ప్రచురించిన ఫోటోలోని ఈ సమాచారం వల్లనే బయటపడింది. మీ కార్యకర్తలకు ఇందులో రెండు విరుద్ధమైన పాఠాలు నేర్పాలి. బహిరంగంగా పెట్టే ఫోటోలో ఈ సమాచారం ఉండకూడదు. ర్యాంపు లేని బస్సు ఫలానా తేదీన ఫలానా చోట తిరిగిందని రుజువు చేయవలసి వస్తే అదే సమాచారం మీ ప్రధాన సాక్ష్యం. కాబట్టి అసలు ఫైలును ఏ మార్పూ చేయకుండా ఒకచోట భద్రపరచి, దాని నకలును మాత్రమే కత్తిరించి, ముఖాలు మసకబరచి వాడాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గి, ఈ దాగిన సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వెళుతుంది. ఈ చిన్న తేడా తెలియక పనికిమాలిన సాక్ష్యాలు పోగేసుకున్న బృందాలను నేను చూశాను. చిత్రీకరించేటప్పుడే తేదీ, సమయం, స్థలం కెమెరాకు వినపడేలా పలకడం, చుట్టూ ఉన్న గుర్తులను నెమ్మదిగా ఒకసారి చూపించడం అలవాటు చేయించండి. 1992లో మొదలైన విట్‌నెస్ అనే సంస్థ మానవ హక్కుల వీడియోల విషయంలో ఇటువంటి పద్ధతులనే ప్రపంచమంతటా నేర్పిస్తూ వస్తోంది.

18 ఏళ్లు నిండని ఆరుగురి విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతితోపాటు ఆ యువతీయువకుల అనుమతి కూడా విడిగా తీసుకోండి. పాఠశాల పేరు, యూనిఫాం, రోజూ తిరిగే దారి ఫ్రేములోకి రాకూడదు. వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతివారికీ మిగిలినవారి ఫోన్ నంబర్లు కనిపిస్తాయి కనుక బయటివారు ఉండే గ్రూపుల్లో వారిని చేర్చవద్దు. పెద్దవాళ్ళెవరూ వారితో ఒంటరిగా ప్రైవేటు సందేశాలలో పని మాట్లాడకూడదన్న నియమాన్ని మొదటి రోజే అందరి ఎదుటా ప్రకటించండి. ఆ నియమం పెద్దవాళ్ళకూ రక్షణే.

సంస్థ ఖాతాల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాస్‌వర్డ్ ఒక్కరి తలలో ఉండకూడదు, పదిమంది నాలుకల మీదా ఉండకూడదు. రెండంచెల ధృవీకరణ పెట్టండి, వీలైతే ఎస్ఎమ్ఎస్‌కు బదులు ఆథెంటికేటర్ యాప్‌తో. ఎవరైనా సంస్థ వదిలి వెళ్ళిన రోజే వారి అనుమతులు తీసివేయండి, కోపంతో వెళ్ళినా, స్నేహంగా వెళ్ళినా.

క్యాప్షన్ల గురించి మీరు పడిన సిగ్గును నేనూ పడ్డాను. యంత్రం దానంతట అది రాసిన క్యాప్షన్లను ఒక మనిషి చదివి దిద్దాలి, ముఖ్యంగా పేర్లూ అంకెలూ. ఫోటోలకు వివరణ వాక్యం రాయించండి, లేకపోతే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారికి మీ పోస్టర్ ఖాళీ డబ్బా. పోస్టరు మీది అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్నది వెబ్ ప్రమాణాలలో ఉన్న మాట. లేత పసుపు మీద తెల్లని అక్షరాల మోజు అక్కడితో వదిలిపోతుంది.

జవాబు: శిక్షణ పొందిన వైపు నుంచి

నా వయస్సు 21. ఇటువంటి శిక్షణలలో నాలుగింటిలో బెంచీకి ఇవతలి వైపు కూర్చున్నాను కనుక ఇవతలి మాట కూడా చెబుతాను. సమన్వయకర్త గారూ, తప్పుగా అనుకోకండి, మొదట "పిల్లలు" అన్న మాట మార్చండి. 24 ఏళ్ల మనిషిని పిల్లవాడని పిలిచి, మధ్యాహ్నం అధికారిని నిలదీయమంటే ఆ రెండూ పొసగవు.

ఫోన్లు సంచిలో పెట్టమన్న పెద్దాయన సలహాతో నేను ఏకీభవించను. ఆయన ఉద్దేశం మంచిదే. అయితే ఫోన్ మా చేతిలో పనిముట్టు కూడా, దాన్ని లాక్కుంటే ఇది మరో తరగతి గది అనుకుని మనసు మూసుకుంటాం. ఆ వాక్యాన్ని ఫోన్‌తోనే రాయించవచ్చు. ఆ అధికారి గడిచిన ఏడాదిలో ఈ విషయంపై ఎక్కడ మాట్లాడారు, ఏమన్నారు, ఏ సభలో ఏ మాట ఇచ్చారు, ఆ సంస్థ బడ్జెట్ ఎప్పుడు ఆమోదం పొందుతుంది అన్నవి గంటలో వెతికి తీసుకురమ్మనండి. రీల్స్ చేయడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక కొనుగోలు టెండరు పత్రాన్ని ఎలా చదవాలో మాత్రం ఇంతవరకు ఏ శిక్షణలోనూ ఎవరూ నేర్పలేదు.

రెండవది, నిర్ణయాధికారం. పోస్ట్ రాసేది మేము, ఆమోదించేది ముగ్గురు పెద్దలు, ఆ ఆమోదం వచ్చేసరికి మూడు రోజులు. ఈలోగా వార్త చల్లారిపోతుంది. ఏ రకం పోస్టుకు ఎవరి ఆమోదమూ అక్కరలేదు, దేనికి ఒకరిది చాలు, దేనికి తప్పనిసరిగా ఇద్దరు చూడాలి అన్నది ముందే రాసిపెట్టుకోండి. మనుషుల ముఖాలు, ఆరోపణలు, అంకెలు ఉన్నవి మూడవ రకంలో పడతాయి. మిగిలినవి మాకు వదిలివేయండి. పొరపాటు జరిగితే దాన్ని గుట్టుగా తొలగించకుండా, తప్పు జరిగిందని చెప్పి దిద్దుకోవడం కూడా నేర్పండి, ఎందుకంటే ఒక్క తప్పుడు అంకెతో అవతలివారు మన మిగతా తొంభై తొమ్మిది నిజాలనూ పక్కన పెట్టేస్తారు. ఏ ఫోటో వచ్చినా రివర్స్ ఇమేజ్ సెర్చ్ (అదే ఫోటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో వెతకడం) చేసి, అది ఎప్పటిదో, ఎక్కడిదో చూశాకే ముందుకు పంపాలి. కృత్రిమ మేధతో సృష్టించిన బొమ్మలను నిజంగా జరిగిన సంఘటనకు జోడించవద్దు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి బొమ్మ ఎంత సహజంగా కనిపించినా, ఆ మనిషి లేడని తేలిన రోజున నిజంగా ఇబ్బంది పడుతున్నవారిని కూడా ఎవరూ నమ్మరు.

ట్రెండు కనబడగానే దూకే అలవాటు గురించి కూడా ఒక మాట. 2020 జూన్ 2న అమెరికాలో జాత్యహంకారానికి వ్యతిరేకంగా లక్షలాది మంది ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లని చదరాన్ని పోస్ట్ చేశారు. అందరిదీ సదుద్దేశమే. కానీ చాలామంది దానికి నల్లజాతివారి హక్కుల ఉద్యమమైన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ హ్యాష్‌ట్యాగ్ తగిలించడంతో, నిరసనల సమాచారం, సహాయ వివరాలు పంచుకోవడానికి వాడుతున్న ఆ దారి నల్లని చదరాలతో మూసుకుపోయింది. ఆ హ్యాష్‌ట్యాగ్ తీసివేయండని కార్యకర్తలే వేడుకోవలసి వచ్చింది. ఒక హ్యాష్‌ట్యాగ్‌ను వాడేముందు దాన్ని ఇప్పటికే ఎవరు, దేనికి వాడుతున్నారో ఐదు నిమిషాలు చదవమని చెప్పండి.

మూడవదాన్ని శిక్షణ ఇచ్చేవారెవరూ తలపెట్టరు. తిట్లు వస్తాయి, ముఖ్యంగా అమ్మాయిలకు, ముఖ్యంగా ముఖం కనిపించినవారికి. "పట్టించుకోకు" అనడం సలహా కాదు. పోస్టు ఎవరిదైతే వ్యాఖ్యలు చదివేది వారు కాకుండా మరొకరు కావాలి, ఆ పని వంతులవారీగా తిరగాలి. బెదిరింపు వస్తే బ్లాక్ చేయడానికి ముందు లింకు, తేదీ, ఖాతా పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి దాచాలి, లేకపోతే తరువాత ఫిర్యాదు చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ రాత్రివేళైనా ఫోన్ ఎత్తే పెద్ద మనిషి ఎవరో పేరుతో సహా చెప్పండి. మా మొదటి శిక్షణలో ఇది చెప్పి ఉంటే మా బృందంలోని ఒక స్నేహితురాలు ఈరోజుకీ మాతో పనిచేస్తూ ఉండేది.

సమన్వయకర్త

ముగ్గురికీ కృతజ్ఞతలు. "పిల్లలు" అన్న మాట నా నోటికి ఎంత అలవాటైపోయిందో ఇప్పుడు తెలిసింది, మార్చుకుంటాను. ఫోన్ల విషయంలో మాత్రం ఇద్దరి మాటా కొంత తీసుకుంటున్నాను: వాక్యం మొదటి ముసాయిదా కాగితం మీద, ఫోన్ లేకుండా, ఆ వెంటనే ఫోన్‌తో వెతికి దాన్ని దిద్దడం. తమ మొదటి ఊహకూ, దొరికిన సమాచారానికీ మధ్య ఉన్న దూరం వారి కళ్ళకు కనబడాలన్నది నా ఉద్దేశం. ఎదురెదురుగా కూర్చోబెట్టి చిత్రీకరించే అభ్యాసం చేయిస్తాను, 18 ఏళ్లు నిండనివారు కెమెరా వెనుక మాత్రమే ఉండేలా. ఆమోదాల పట్టికను నేను రాసి ఇవ్వకుండా రెండవ రోజు ఉదయం వారితోనే రాయిస్తాను. నా మూడవ ప్రశ్న, దేనితో కొలవాలన్నది, ఇంకా అలాగే ఉండిపోయింది.

జవాబు: లెక్కలు చూసేవాడు

కొలమానం గురించి అడిగారు కనుక చెబుతున్నాను. వీక్షణలు, లైకులు పూర్తిగా వృథా కాదు, అవి తలుపు తట్టిన చప్పుడు. తలుపు తీసినవారెందరన్నది వేరే లెక్క. ఒక పట్టికలో ఐదు గళ్ళు గీయండి: చూసి ఒక చిన్న పని చేసినవారు, రెండవసారి కూడా చేసినవారు, మరొకరిని వెంట తెచ్చినవారు, ఒక సమావేశానికి మనిషిగా వచ్చినవారు, బాధ్యత ఒకటి తలకెత్తుకున్నవారు. ప్రతి గడిలోనూ సంఖ్య తగ్గుతూ పోతుంది, అది సహజం. ఏ గడి దగ్గర మరీ ఎక్కువగా తగ్గిపోతున్నదో చూస్తే తరువాతి శిక్షణలో ఏమి నేర్పాలో తెలుస్తుంది.

చిన్న మద్దతు దానంతట అదే పెద్ద మద్దతుగా పెరుగుతుందనుకోవద్దు. 2014లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రిసెర్చ్‌లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, నలుగురికీ కనిపించేలా నామమాత్రపు మద్దతు తెలిపినవారు, ఎవరికీ తెలియకుండా మద్దతు తెలిపినవారికన్నా ఆ తరువాత నిజమైన సహాయానికి తక్కువగా ముందుకు వచ్చారు. మంచివాడినని నలుగురికీ తెలిశాక అవసరం తీరిపోయిందేమో. అందుకే సంతకం పెట్టిన వ్యక్తికి ధన్యవాదాలు చెప్పే సందేశంలోనే తరువాతి అడుగు అడగాలి, అది కూడా ఆ రోజే. వారితో మళ్ళీ మాట్లాడడానికి అనుమతి ఇచ్చిన పేర్ల జాబితా మీ అసలు ఆస్తి. ఫేస్‌బుక్ పేజీ రేపు మూతపడినా, అల్గోరిథమ్ మారినా ఆ జాబితా మీ దగ్గరే ఉంటుంది. ఆ జాబితాను కాపాడే బాధ్యతా మీదే. పెద్దాయన చెప్పిన 2015 ప్రచారంలో పంపినవారి ఈమెయిల్ చిరునామాలతో సహా ఆ సందేశాలన్నీ ట్రాయ్ వెబ్‌సైటులో బహిరంగంగా పెట్టారు. మీరు ఎవరి తరఫునైనా ఎక్కడికైనా సందేశం పంపించేటప్పుడు అక్కడ ఆ వివరాలు బయటపడే అవకాశం ఉందేమో ముందే చూసి, వారికి చెప్పండి.

ఫార్వర్డ్‌ల మీద ఆధారపడి పథకం వేయకండి. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ఒక్కొక్కరు తమకు తెలిసిన ఐదుగురికి తమ సొంత మాటల్లో రాయడం, ఒకే సందేశాన్ని ఐదు వందల మందికి తోసివేయడం కన్నా పనిచేస్తుందన్నది నా అనుభవం.

అవతలి వైపు లెక్క కూడా రాయండి. అధికారి కార్యాలయం నుంచి ఎన్ని జవాబులు వచ్చాయి, సమావేశపు తేదీ దొరికిందా, వారు బహిరంగంగా మాట్లాడేటప్పుడు మీ మాట వాడారా, ముసాయిదాలో ఒక్క పదమైనా మారిందా? ఆరు వారాల తరువాత ఒక పూట మళ్ళీ కూర్చోండి. తిరిగి కూర్చునే తేదీ శిక్షణ ముగియకముందే నిర్ణయించుకోని బృందం మళ్ళీ కూర్చోవడం నేనింతవరకు చూడలేదు.

సమన్వయకర్త

ఆ తేదీ ఆహ్వానపత్రంలోనే వేస్తున్నాను. శిక్షణలో నమూనాగా చూపించడానికి నా వాక్యాన్ని నేనే రాసి చూశాను. దయచేసి దిద్దండి: "నగర రవాణా సంస్థ అధిపతి, కొత్తగా కొనే ప్రతి బస్సులోనూ చక్రాల కుర్చీ ఎక్కేందుకు ర్యాంపు ఉండేలా త్వరలో చర్యలు తీసుకోవాలి."

జవాబు: కరపత్రాల కాలం నాటివాడు

బాగుంది, కానీ ఇంకా జారిపోయే వాక్యమే. "త్వరలో" తీసివేసి తేదీ వేయండి. "చర్యలు" అన్న మాటను కూడా తీసివేయండి, రేపు ఒక కమిటీ వేసి అదే చర్య అంటారు. కొనుగోలు నిబంధనలలో ర్యాంపును తప్పనిసరి అంశంగా చేర్చాలని సూటిగా రాయండి. చివరిగా, ఆ నిబంధనలు రాసేది నిజంగా అధిపతేనా?

జవాబు: శిక్షణ పొందిన వైపు నుంచి

సాధారణంగా కాదు. నేను చదివిన టెండర్లన్నిటిలోనూ సాంకేతిక నిబంధనలు రాసేది ఒక కమిటీ, అధిపతి వాటిమీద సంతకం చేస్తారు. మీ సంస్థ విషయంలో ఎవరన్నది మీ 22 మందికీ మొదటి అభ్యాసంగా ఇవ్వండి. నాకు తెలిసి మధ్యాహ్నం లోపలే పట్టుకొస్తారు.